మైలేజీకి ఏం బిగించాలని అడిగారు, ఏం విప్పాలో చెబుతాను

ప్రశ్న: నాది 2021లో కొన్న పెట్రోలు ఎస్‌యూవీ. నాలుగు మీటర్ల లోపుది, మాన్యువల్ గేర్లు. ఇల్లు విజయవాడ, పని హైదరాబాదులో. నెలకు రెండుసార్లు రానూపోనూ హైవే మీదే తిరుగుతాను. లీటరుకు 14 కిలోమీటర్లు మించి రావడం లేదు. ఇదే మోడల్ ఉన్న మా బావమరిదికి 18 వస్తోంది. కొన్న కొత్తలో ముచ్చటపడి కంపెనీ టైర్లు 215/60 ఆర్16 తీయించి, ముళ్లముళ్లుగా ఉండే 235/60 ఆర్16 టైర్లు వేయించాను. పైన కారియర్, ముందు స్టీలు గార్డు కూడా పెట్టించాను. ఇప్పుడు ఒక షాపువాళ్లు ఈసీయూ రీమ్యాపింగ్, పెర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు పైపుకు అయస్కాంతం కలిపి 42 వేలు అవుతుందని, మైలేజీ 20 దాటుతుందని అంటున్నారు. చేయించమంటారా?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: వద్దు. ఆ 42 వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి షాపువాళ్లు బిగిస్తామన్న మూడు వస్తువుల మీదికి దృష్టి పోయింది. రెండోసారి మీరు ఇప్పటికే బిగించుకున్న మూడింటి దగ్గర ఆగిపోయాను. కారియర్, గార్డు, వెడల్పు టైర్లు. మీ బావమరిది బండికి వీటిలో ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు. ఒక్కటీ ఉండి ఉండదని నా ఊహ. ఈసారి పండక్కి కలిసినప్పుడు రెండు బండ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు పెట్రోలు ఎక్కడ పోతోందో చూద్దాం. ఊళ్లో అయితే ఆగడం, మళ్లీ కదలడం, అంటే బండి బరువును పదేపదే లాగడానికి పోతుంది. హైవే ఎక్కాక బరువు సంగతి వెనక్కు పోయి గాలి సంగతి ముందుకు వస్తుంది. మీ బండి ఎత్తు, వెడల్పు ఉన్న చిన్న ఎస్‌యూవీకి నేను వేసిన లెక్క ఇది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలి సుమారు 27 కిలోల బలంతో బండిని వెనక్కు నెడుతుంది. 100 దగ్గర అది 43 కిలోలు. 120 దగ్గర 62. టైర్లు రోడ్డు మీద దొర్లడంలో పోయేది మాత్రం ఏ వేగంలోనైనా రమారమి 15 కిలోలే. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి బలం రెండుంపావు రెట్లవుతుందన్నమాట.

పైగా మన చిన్న ఎస్‌యూవీలది గాలికి ఎదురు నిలబడే వాటం. 2006 నుంచి మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజిను ఉన్న కార్లకు పన్ను తక్కువ. అందుకని కంపెనీలు ఎత్తు మాత్రం పెద్ద బండిలా ఉంచి, పొడవును టేపు పట్టి నాలుగు మీటర్ల దగ్గర తెగ్గోశాయి. సెడాన్ కారుకు ఉండే వాలు వీపు దీనికి లేదు. పైకప్పు మీదుగా వచ్చిన గాలి వెనక అద్దం దగ్గర ఒక్కసారిగా తెగి సుడులు తిరుగుతుంది, ఆ సుడులే బండిని వెనక్కు గుంజుతాయి. వాన రోజున సూర్యాపేట దాకా వెళ్లివచ్చాక వెనక అద్దం చూడండి. పక్క అద్దాల మీద లేనంత బురద దాని మీద పేరుకుని ఉంటుంది. సుడి తెచ్చి పూసిన బురద అది. ఆ ఆకారాన్ని మీరూ నేనూ మార్చలేం. దాని మీద ఇంకో భారం వేయకుండా మాత్రం ఉండగలం.

కారియర్ అలాంటి భారమే. అమెరికా ప్రభుత్వం వాహనదారుల కోసం ఇచ్చే సమాచారంలో, పైకప్పు మీద సామాను పెట్టె ఉన్న కారుకు హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా తగ్గుతుందని, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో అయితే 10 నుంచి 25 శాతం దాకా పోతుందని ఉంది. మీది పెట్టె కాదు, ఖాళీ కారియర్. అంత పోదు. కానీ ఖాళీ కారియర్ ఊరికే ఏమీ ఉండదు. ఆ గుండ్రటి కడ్డీలు ఒక్కొక్కటీ తన వెనక తన సుడి తాను పుట్టిస్తుంది. బండి 80 దాటగానే పైనుంచి సన్నగా ఈల వినిపిస్తోందేమో గమనించండి. వినిపిస్తుంటే గాలి అక్కడ చిరుగుతోందని అర్థం. ఏడాదిలో ఎన్నిసార్లు దాని మీద సామాను కట్టారు? మీ సమాధానం రెండో మూడో అయితే మిగతా రోజులన్నీ దాన్ని ఊరికే మోస్తున్నారు.

ముందు గార్డు సంగతి మైలేజీతో ఆగదు. కార్లకు ఇలాంటి క్రాష్ గార్డులు బిగించడం చట్టవిరుద్ధమని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తుందని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. దానికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. బండి ముందు భాగం గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగేలా తయారవుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఆ నలుగుడును బట్టే పని చేస్తాయి. మధ్యలో స్టీలు కమ్మీ అడ్డం పెడితే ఆ లెక్క తప్పుతుంది. పది, పదిహేను కిలోల ఇనుము మోయడం, రేడియేటరుకు వెళ్లే గాలిని చెదరగొట్టడం వీటికి అదనం. దీన్ని ఈ వారంలోనే తీయించండి.

టైర్ల దగ్గర కాస్త ఆగి మాట్లాడుకుందాం, ఇందులో మీకొక మంచి వార్త ఉంది. కంపెనీ టైరు బయటి వ్యాసం సుమారు 664 మిల్లీమీటర్లు. మీరు వేయించింది 688. అంటే 3.6 శాతం పెద్దది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి మునుపటికంటే ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటరుకు ఆ సంగతి తెలియదు. అది పాత టైరు లెక్కే వేస్తుంది. కాబట్టి మీటరు చూసి మీరు 14 అనుకుంటున్నది నిజానికి 14.5. బావమరిదితో ఉన్న తేడాలో అర కిలోమీటరు కాగితం మీదిదే.

చెడ్డ వార్త కూడా అదే లెక్కలో ఉంది. స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు మీరు బావమరిది కంటే 3.6 శాతం ఎక్కువ వేగంతో పోతున్నారు. ఇద్దరూ నూరులోనే నడిపామని చెప్పుకున్నా, గాలికి మీరు చెల్లించే సుంకం ఎక్కువ. ఇక ముళ్ల టైరు మట్టిబాటలో పట్టు కోసం చేసింది. తారు మీద ఆ ముళ్లు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతాయి. ఆ వేడి మీ ట్యాంకులోంచి వచ్చినదే. నందిగామ, కోదాడ, నార్కట్‌పల్లి మీదుగా పోయే నాలుగు వరుసల రోడ్డులో దానితో ఏం పని?

అయితే బాగున్న టైర్లు ఇప్పుడే పారేయమనను. 2021 నాటివి కాబట్టి అరుగుదల ఎలాగూ చివరికి వచ్చి ఉంటుంది. మార్చే రోజున మళ్లీ 215/60 ఆర్16 కే వెళ్లండి. ఫ్రిజ్‌ల మీద ఉన్నట్లే ఇప్పుడు కొన్ని టైర్లకూ నక్షత్రాల లేబులు వస్తోంది. దొర్లుడు నిరోధం తక్కువ ఉన్నదానికి నక్షత్రాలు ఎక్కువ. కొనేటప్పుడు దాన్ని అడగండి. మైలేజీ కోసం బండికి కొత్తగా ఏదైనా వేయించుకోండి అని నేను చెప్పేది ఇదొక్కటే.

టైరులో గాలి గురించి అందరూ చెబుతారు, నేను ఎక్కువ చెప్పను. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభానికి అంటించిన కాగితంలో ఎంత పట్టించాలో రాసి ఉంటుంది. కంపెనీ టైర్లకు అదే ప్రమాణం. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచినదే లెక్క. పది కిలోమీటర్లు నడిపి పంపు దగ్గర పట్టిస్తే టైరు వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది, నిజంగా ఉండాల్సిన దానికంటే తక్కువతో బయటపడతారు. పంక్చరు షాపు కుర్రాడు ‘హైవేకి వెళ్తున్నారు కదా సార్, నలభై కొడతా’ అంటే ఒప్పుకోవద్దు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే పోయే మైలేజీ 0.2 శాతమే. ఆ మాత్రానికి వానలో బ్రేకు పట్టును పణంగా పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు షాపువాళ్ల మూటకు వద్దాం. 14 నుంచి 20 అంటే అదే దారికి 30 శాతం తక్కువ పెట్రోలు. ఈ మాట ఒకసారి బయటికి చదువుకోండి.

రీమ్యాపింగ్ అంటే ఇంజిను కంప్యూటరులోని లెక్కలను తిరగరాయడం. టర్బో ఇంజినుకు పూర్తిగా తొక్కినప్పుడు శక్తి పెరుగుతుంది, కాదనను. కానీ హైవే మీద నిలకడగా పోయేటప్పుడు మీరు పూర్తిగా తొక్కరు. ఆ సమయంలో ఎంత గాలికి ఎంత పెట్రోలు కలపాలో సైలెన్సరు దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు చెబుతుంటే కంప్యూటరు క్షణక్షణం సరిచేసుకుంటూ ఉంటుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు పని చేయాలంటే ఆ పాళ్లు తప్పకూడదు. అంటే మీరు మిగుల్చుకోవాలనుకునే చోట మిగల్చడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. పైగా రేపు ఇంజినుకు ఏమైనా అయితే వారంటీ అడగలేరు, బీమా వాళ్లకు చెప్పని మార్పు ఉంటే క్లెయిము దగ్గర పేచీ పెడతారు.

ఎయిర్ ఫిల్టరుదీ అలాంటి కథే. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి ఉంచినప్పుడు ఇంజినుకు పోయే గాలిని ఆపుతున్నది ఫిల్టరు కాదు, దాని తర్వాత ఉండే థ్రాటిల్ రేకు. వీధి కుళాయి సగం మూసి ఉంచి, వెనక పైపు లావుది వేయిస్తే నీళ్లు ఎక్కువ రావు కదా. కార్బురేటరు రోజుల్లో ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు తాగేది, అది నిజం. ఇప్పటి ఇంజెక్షను బండ్లలో ఫిల్టరుకు దుమ్ము పట్టినా లాగుడు తగ్గుతుందే గాని మైలేజీ పెద్దగా మారదు. దుమ్ము పట్టినదాన్ని మార్చండి, మామూలు కాగితం ఫిల్టరుతోనే.

అయస్కాంతం దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ కొన్నాను. 900 రూపాయలు. దాన్ని పైపుకు కట్టిన రోజున ఒక నోటు పుస్తకం కూడా పెట్టాను. మొదటి ట్యాంకుకు కిలోమీటరున్నర పెరిగింది. ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఇద్దరితో కొనిపించాను కూడా. మూడో ట్యాంకుకు మళ్లీ పాత అంకె. లెక్క రాస్తున్నానన్న ధ్యాసతో మొదటి వారం కాలు తేలిగ్గా పెట్టాను, ధ్యాస పోగానే కాలు బరువెక్కింది, అంతే జరిగింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి పెట్రోలు పొదుపు పరికరాలను వందకు పైగా పరీక్షించి చూసింది. కాస్తయినా ఉపయోగపడినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అదీ స్వల్పంగా. కొనిపించిన ఆ ఇద్దరు స్నేహితులు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటారు.

ఒక తగ్గుదలను మాత్రం మీరు దేనితోనూ వెనక్కు తెచ్చుకోలేరు. బండి కొన్న కొత్తలో పోసిన పెట్రోలు, ఇప్పుడు పంపులో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఒకటి కావు. ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరుకు పెట్రోలులో మూడింట రెండు వంతులే. 10 శాతం కలిపే దశ నుంచి 20 శాతానికి వచ్చేసరికి లీటరులో శక్తి సుమారు మూడున్నర శాతం తగ్గింది. బావమరిదీ అదే పోయిస్తున్నాడు కాబట్టి మీ ఇద్దరి తేడాకు ఇది కారణం కాదు. 2021లో వచ్చినంత ఇప్పుడు రావడం లేదేమిటని బెంగపడకుండా ఉండటానికి చెబుతున్నాను.

ఈసారి ప్రయాణంలో డాబా దగ్గర ఆగినప్పుడు ఒక పని చేయండి. చివర్లో గట్టిగా బ్రేకు కొట్టకుండా బండిని మెల్లగా ఆపి, దిగి, అరచేతి వెనక భాగాన్ని ఒక్కొక్క చక్రం దగ్గరగా పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ముందు చక్రాలు రెండూ ఒకే వేడిలో ఉండాలి, వెనకవి రెండూ ఒకే వేడిలో ఉండాలి. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టుకుని ఉంటోంది. మీరు యాక్సిలరేటరు తొక్కుతుంటే అది బ్రేకు తొక్కుతోందన్నమాట. బ్రేకును నొక్కి పట్టే క్యాలిపర్ శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలాసార్లు సరిపోతుంది. అక్కడే వంగి బండి కిందికీ చూడండి. ఇంజిను అడుగున ఉండే నల్లటి ప్లాస్టిక్ పళ్లెం ఉందా? సర్వీసింగులో ఆయిలు మార్చేటప్పుడు దాన్ని విప్పి, మళ్లీ నాలుగు క్లిప్పుల బదులు రెండు పెట్టి వదిలేయడం మామూలే. తర్వాత ఏదో స్పీడ్ బ్రేకరు దగ్గర అది ఊడిపోతుంది, ఎవరూ గమనించరు. అది బురద పడకుండా మాత్రమే కాదు, అడుగున గాలి సాఫీగా జారిపోవడానికీ ఉంది. లేకపోతే కంపెనీదే తెప్పించి వేయించండి.

ఇంజిను ఆయిలు బిల్లు తీసి గ్రేడు చదవండి. బండితో ఇచ్చిన మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని, అంటే పల్చటి ఆయిలని ఉంటే అదే పోయించాలి. ‘మన ఎండలకు చిక్కనిది ఉండాలి సార్’ అంటూ వేరే గ్రేడు పోసే మెకానిక్కులు ఉన్నారు, మంచి ఉద్దేశంతోనే. ఒకటి రెండు శాతం అక్కడ పోతుంది.

గ్రిల్లుకు అట్టలు అడ్డం పెట్టి గాలి తగ్గించుకునే వీడియోలు మీరు చూసే ఉంటారు. అవి మంచు దేశాల సంగతులు. మే నెలలో మన హైవే మీద ఆ పని చేస్తే ఇంజిను ఉడుకుతుంది. బండిని కిందికి దించే స్ప్రింగులూ అంతే, మన స్పీడ్ బ్రేకర్లకు పనికిరావు. లారీ వెనక అతుక్కుని పోతే గాలి తగ్గుతుంది, నిజమే, ప్రాణం మీదికి కూడా వస్తుంది. దిగుడులో న్యూట్రల్ చేసి దొర్లించడం కూడా వద్దు. గేరులో ఉంచి కాలు తీస్తే ఇప్పటి ఇంజిన్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లో పెడితేనే ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతాయి. ఏసీ మాత్రం వేసుకోండి. హైవే వేగంలో అద్దాలు దించితేనే నష్టం.

ఇక వేగం. ఊరి బయటి రోడ్డు 230 కిలోమీటర్లు అనుకుందాం. 100లో పోతే 2 గంటల 18 నిమిషాలు. 85లో పోతే 2 గంటల 42 నిమిషాలు. తేడా 24 నిమిషాలు. గాలి, టైర్లు కలిపి గుంజే బలం మాత్రం 58 కిలోల నుంచి 46కు దిగుతుంది. ఒక్కవైపు ప్రయాణంలోనే రెండు లీటర్ల దాకా మిగులుతుంది. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటడానికి పట్టే సమయం ముందు ఆ 24 నిమిషాలు ఎంతో మీకే తెలుసు. ఏడాదికి మీరు తిరిగేది దాదాపు 13 వేల కిలోమీటర్లు. 14 బదులు 17 వస్తే 165 లీటర్లు మిగులుతాయి. లీటరు 109 అనుకుంటే 18 వేల రూపాయలు. 17 రావడానికి కారియర్, గార్డు, కాలు, తర్వాత టైర్లు, ఇవే చాలని నా అంచనా. టైర్లు ఎలాగూ మార్చాల్సినవే కాబట్టి అదనంగా పైసా పెట్టుబడి లేదు.

డబ్బు ఖర్చు పెట్టి తీరాలన్న పట్టుదల ఉంటే, కిలోమీటరు ఖర్చును నిజంగా తగ్గించే మార్పు సీఎన్‌జీ కిట్టు ఒక్కటే. బీఎస్-6 (ఇప్పటి పొగ నియమాల ప్రకారం తయారైన) పెట్రోలు బండ్లకు ఆమోదం పొందిన కిట్టు బిగించుకోవడానికి 2022లో అనుమతి వచ్చింది. ఆర్‌సీలో ఎక్కించాలి, మూడేళ్లకోసారి సిలిండరుకు పరీక్ష చేయించాలి. డిక్కీ పోతుంది. డిక్కీ పోయాక మీరు మళ్లీ కారియరే కొంటారని నా భయం.

చివరిగా కొలిచే పద్ధతి. తెర మీద కనిపించే మైలేజీ అంకెను నమ్మవద్దు. ఒకే పంపులో, నాజిల్ దానంతట అది ఆగేదాకా నింపండి, వందల లెక్కకు సరిచేయించవద్దు. మళ్లీ అక్కడే నింపినప్పుడు పోసిన లీటర్లతో దూరాన్ని భాగించండి. ఈ టైర్లు ఉన్నంతకాలం దూరానికి 3.6 శాతం కలపండి. ఒక్కవైపు ప్రయాణంతో ఏమీ తేల్చవద్దు. హైదరాబాదు మీ ఊరికంటే 500 మీటర్లు ఎత్తున ఉంది. టన్నున్నర దాకా ఉన్న బండిని అంత ఎత్తుకు ఎక్కించడానికే అర లీటరుకు పైగా పోతుంది, తిరుగు ప్రయాణంలో అందులో కొంత వెనక్కు వస్తుంది. జూన్, జూలైలో అయితే పడమటి గాలి కూడా మీకు ఎదురే. వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు కొలిచి వాదించుకునే బావాబావమరుదులను చాలామందిని చూశాను.

కారియర్ విప్పినప్పుడు బోల్టులు, వాషర్లు ఒక చిన్న డబ్బాలో వేసి, సరిపోయే పానా కూడా అందులోనే పెట్టి డిక్కీలో పడేయండి. సంక్రాంతికి సామాను ఎక్కువైతే పావుగంటలో మళ్లీ బిగించుకోవచ్చు.